వాట్సాప్ పుస్తక బృందం: పుస్తకం ఎట్ల ఎంచుకోవాలె, చర్చ ఎట్ల నడపాలె?

మిర్యాలగూడ పాఠకుడు

అందరికి నమస్తే. మాది 24 మంది ఉన్న పుస్తక బృందం. నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ దిక్కోళ్లు సగం. పాలమూరు, నాగర్‌కర్నూల్, వనపర్తి దిక్కోళ్లు ఎనిమిది మంది. మిగిలిన నలుగురు హైదరాబాద్‌ల, దుబాయ్‌ల ఉంటరు. నెలకొక పుస్తకం, ఆఖరి ఆదివారం రాత్రి 8 గంటలకు గూగుల్ మీట్‌ల చర్చ.

పుస్తకం వాట్సాప్ పోల్ పెట్టి ఎంచుకుంటున్నం. తమాషా ఏందంటే, గెలిచిన పుస్తకానికి ఓటేసినోళ్లే దాన్ని చదువుతలేరు. పోయిన మూడు నెలలల్ల చర్చ నాటికి మొత్తం చదివినోళ్లు ఏడుగురు, అయిదుగురు, ఆరుగురు. కొందరికి పుస్తకం దొరకలేదు, దొరికినోళ్లకు నెల సరిపోలేదు.

చర్చ సంగతి ఇంకో కథ. "బాగుంది", "రచయిత మంచిగ రాసిండు" కాడ ఆగుతది. ఇద్దరు మాట్లాడుతరు, మిగిలినోళ్లు మ్యూట్ పెట్టుకొని కూసుంటరు.

వచ్చే ఆరు నెలలు మన నల్లగొండ, పాలమూరు పుస్తకాలే చదవాలని అనుకుంటున్నం. పాలమూరు యాసల రాసిన కథలు నల్లగొండోళ్లకే కొన్ని జాగల అందవు. నిజాం కాలం మాటలైతె చిన్నోళ్లకు అసలే తెల్వదు. ఇసొంటి బృందాలు నడిపేటోళ్లు వివరంగ చెప్పుండ్రి. ఏ పని ఎవరు చెయ్యాలె, ఎన్ని రోజుల ముందు చెయ్యాలె అనేది కూడ.

పాలమూరు అల్మారా

తమ్ముడూ, మీరు తిరగేసి నడుస్తున్నారు. ముందు ఓటు పెట్టి తర్వాత కాపీలు వెతుకుతున్నారు. తెలుగు పుస్తకం విషయంలో ఆ వరుస పనికిరాదు. మన దగ్గర చాలా పుస్తకాలు వెయ్యి కాపీలో, అంతకన్నా తక్కువో అచ్చవుతాయి. అవి అయిపోతే మళ్లీ అచ్చు ఎప్పుడో ఎవరికీ తెలియదు. పేరున్న పుస్తకం కనుక దొరుకుతుందిలే అనుకోవడం మొదటి పొరపాటు. దొరకదని రెండో వారంలో తెలిస్తే ఆ నెల పోయినట్టే.

అందుకని పుస్తకం సూచించేవాళ్లు పేరొక్కటే పెట్టకూడదు, ఒక చీటీ పెట్టాలి. చీటీలో ఉండాల్సినవి: రచయిత, ప్రచురణ సంస్థ, ముద్రణ సంవత్సరం, పేజీలు, ధర, ఈ వారంలో ఫోన్ చేసి కనుక్కున్న కాపీల సంఖ్య, ఎందుకు చదవాలో ఒక్క వాక్యం. కాపీల సంఖ్య లేని చీటీ ఓటుకు రాదు. ఈ ఒక్క నియమంతోనే నోటికొచ్చిన పేరు పడేసే అలవాటు చాలావరకు పోతుంది.

24 మందికి 24 కాపీలు అక్కర్లేదు, 12 ఉంటే చాలు, ఇద్దరికొకటి. కానీ లెక్క చూసుకోండి. నెలలో చదవడానికి నికరంగా 24 రోజులు వేసుకుందాం. 240 పేజీల పుస్తకం ఒక్కరే చదివితే రోజుకు 10 పేజీలు. అదే కాపీ ఇద్దరు పంచుకుంటే ఒక్కొక్కరికి 12 రోజులు, రోజుకు 20 పేజీలు. ఉద్యోగం, పొలం, పిల్లల చదువులు ఉన్నవాళ్లకు 20 నడవదు. కాబట్టి పంచుకునే కాపీలైతే 160 పేజీలు దాటనివ్వకండి. 300 దాటిన నవల ఏదైనా రెండు నెలలకు పెట్టి, సగంలో ఒక చిన్న చర్చ పెట్టండి.

ఎన్ని రోజుల ముందు అని అడిగారు. ఆగస్టు పుస్తకం జూన్‌లో తేలాలి. జూన్ మొదటి వారం చీటీలు, రెండో వారం ఫోన్లు, మూడో వారం ఓటు, నాలుగో వారం డబ్బు పోగుచేసి ఆర్డర్. జూలై అంతా పుస్తకాలు చేతికి చేరడానికి. ఇంత ఎడం ఎందుకంటారా? ప్రచురణకర్త దగ్గర "ఉన్నాయి" అన్నవి గోదాంలో వెతికితే నాలుగే ఉండొచ్చు, అప్పుడు రెండో స్థానంలో ఉన్న పుస్తకానికి మారడానికి సమయం కావాలి. ఎవరికి వాళ్లు ఒక్కో కాపీ తెప్పించుకోవద్దు. ప్రచురణకర్తకే నేరుగా ఫోన్ చేసి, పది కాపీలు దాటితే తగ్గింపు ఎంత ఇస్తారో అడగండి. అడగందే ఎవరూ చెప్పరు.

పోస్టు సంగతి. 2025 మే నుంచి తపాలా శాఖ పుస్తకాల కోసం జ్ఞాన్ పోస్ట్ అనే సేవ నడుపుతోంది. 300 గ్రాముల లోపు 20 రూపాయలు, 5 కిలోల దాకా 100 రూపాయలు, పైన పన్ను. విమానంలో కాదు, రోడ్డు, రైలు మీదే వెళ్తుంది కనుక ఆలస్యానికి సిద్ధంగా ఉండండి. ట్రాకింగ్ ఉంటుంది. పుస్తకం మీద ప్రచురణకర్త పేరో, ముద్రించినవాళ్ల పేరో ఉండాలి. పత్రికలు, వ్యాపార ప్రకటనలు ఇందులో పంపనివ్వరు. 250 గ్రాముల పుస్తకాలు 18 పెట్టినా నాలుగున్నర కిలోలే, మిగతా అర కిలో అట్టపెట్టెకూ టేపుకూ. అంటే మనిషికొక కాపీ తెప్పించినా నల్లగొండకు పన్నెండు కాపీల కట్ట ఒకటి, మహబూబ్‌నగర్‌కు ఎనిమిది కాపీల కట్ట ఒకటి, అక్కడి నుంచి ఎవరిది వాళ్లు తీసుకోవడం. వానాకాలంలో పెట్టె లోపల పాలిథిన్ చుట్టకపోతే అంచులు ఉబ్బి వస్తాయి.

జిల్లా గ్రంథాలయాన్ని మరిచిపోకండి. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మనమే కడుతున్నాం. పాత ముద్రణలు బయట లేకపోయినా అక్కడి అల్మారాలో ఉంటాయి. పేరుతో అడిగితే లేదంటారు, రచయిత పేరుతో వెతకమని అడగండి. లేని పుస్తకం కొనమని సూచనల పుస్తకంలో రాయండి. ఒకరు రాస్తే పక్కన పడుతుంది, పదిమంది రాస్తే కదులుతుంది.

ఇంకో చిక్కు. పాత ముద్రణలో 86వ పేజీ కొత్త ముద్రణలో 71వ పేజీ అవుతుంది. చర్చలో "86 తియ్యండి" అంటే సగం మంది వెతుక్కుంటూ కూర్చుంటారు. అధ్యాయం సంఖ్య, పేరా మొదటి రెండు మాటలు చెప్పడం అలవాటు చేయండి. కథల సంపుటాలకు ఈ బాధ ఉండదు, కథ పేరు చాలు.

సూర్యాపేట లెక్కలు

పోల్ గురించి మాత్రమే చెప్తాను. 24 మంది, మూడు పుస్తకాలు అనుకోండి. ఒకటి పెద్ద నవల, రెండోది కథల సంపుటి, మూడోది ఆత్మకథ. 10 మంది వరుస: నవల, కథలు, ఆత్మకథ. 8 మంది వరుస: కథలు, ఆత్మకథ, నవల. 6 మంది వరుస: ఆత్మకథ, కథలు, నవల.

మామూలు పోల్‌లో 10 ఓట్లతో నవల గెలుస్తుంది. కానీ 14 మంది దాన్ని అట్టడుగున పెట్టారు. మీ బృందంలో చదవనివాళ్లలో చాలామంది వీళ్లే అయి ఉంటారు.

ఇప్పుడు మొదటి స్థానానికి 3, రెండుకు 2, మూడుకు 1 మార్కు వేయండి. నవలకు 30+8+6, మొత్తం 44. కథలకు 20+24+12, మొత్తం 56. ఆత్మకథకు 10+16+18, అదీ 44. కథల సంపుటి తేలిగ్గా ముందుకొచ్చింది. ఎవరికీ చివరి ఎంపిక కాని పుస్తకం అదే.

వాట్సాప్ పోల్‌లో వరుస చెప్పడం కుదరదు. పైగా ఎవరు దేనికి వేశారో అందరికీ కనపడుతుంది. పెద్దాయన ఒకరు ముందు వేస్తే మిగతావాళ్లు అటే మొగ్గుతారు. గూగుల్ ఫారమ్ పెట్టండి, లేదా ఒకరికి విడిగా మెసేజ్ చేయమనండి. పోల్‌నే వాడాలనుకుంటే ఒకరు ఎన్నింటికైనా ఓటేసే వీలు ఉంచి ప్రశ్న మార్చండి: "ఏది ఇష్టం" కాదు, "వీటిలో ఏవి వస్తే తెచ్చుకుని చదువుతారు?" ఈ ప్రశ్నకు వచ్చే అంకె, చర్చనాటి హాజరు దాదాపు దగ్గరగా ఉంటాయి.

మూడు పుస్తకాలు మించొద్దు. అయిదారు ఉంటే మార్కుల పద్ధతిలో కూడా తమకు నచ్చినదాని పోటీదారును కావాలని అడుగుకు తోసే తెలివి మొదలవుతుంది. ఎవరి పుస్తకం గెలిస్తే ఆ నెల చర్చ వాళ్లే నడపాలి. ఈ మాట ముందే చెప్తే చీటీలు తగ్గుతాయి, వచ్చినవి గట్టివి వస్తాయి.

మిర్యాలగూడ పాఠకుడు

లెక్క మంచిగ సమజైంది సార్. 44, 56 చూస్తె పోయిన నెల ఏం జరిగిందో తెలిసిపాయె.

అల్మారా అన్నా, చీటీ పద్ధతి రేపటి నుంచే మొదలుపెడుతం. ఒక అనుమానం. పుస్తకం దొరకకపోతె గ్రూపుల ఎవరో ఒకరు పీడీఎఫ్ పెడుతున్నరు. ఫోన్‌ల ఫోటోలు తీసి చేసినవి కూడ. అది తప్పా? ఏది పెట్టొచ్చు, ఏది పెట్టొద్దు?

గద్వాల కోట

మన దేశంలో రచయిత మరణించిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి లెక్కపెట్టి 60 ఏళ్లు కాపీరైటు ఉంటుంది. ఉదాహరణకు సురవరం ప్రతాపరెడ్డి గారు 1953లో పోయారు. 2014 జనవరి 1 నుంచి ఆయన బతికుండగా అచ్చైన రచనలు అందరివీ. 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 1949లో వచ్చింది కనుక నిశ్చింతగా పంచుకోవచ్చు. వట్టికోట ఆళ్వారుస్వామి గారు 1961లో పోయారు, అంటే 2022 జనవరి 1 నుంచి. దాశరథి రంగాచార్య గారు 2015లో పోయారు. ఆయన నవలలకు 2075 ముగిసేదాకా హక్కులు ఉంటాయి. వాటి పీడీఎఫ్ గ్రూపులో పెట్టడం తప్పే.

రెండు మెలికలున్నాయి. రచయిత పోయాక మొదటిసారి అచ్చైన రచనకు 60 ఏళ్లు అచ్చైన ఏడాదిని బట్టి లెక్క. రెండోది, పాత పుస్తకానికి కొత్తగా రాసిన ముందుమాట, వివరణలు, అనువాదం, వీటి హక్కులు వేరు. మూలం స్వేచ్ఛగా ఉన్నా కొత్త ముద్రణను స్కాన్ చేసి పెట్టకూడదు.

చర్చ కోసం ఒక పేరా ఫోటో పెట్టడానికి ఎవరూ అడ్డు చెప్పరు. పుస్తకం మొత్తం ఫోటోలు తీయడం వేరు. రచయిత బతికే ఉన్నారు, వెయ్యి కాపీలు అమ్మడానికే ఏళ్లు పడుతున్నాయి అంటే 24 మంది ఉచితంగా చదివేయడం చిన్న సంగతి కాదు.

హక్కులు తీరిన పుస్తకాలకు మొదట తెలుగు వికీసోర్స్ చూడండి. అక్కడ ఎక్కువ భాగం టైపు చేసిన పాఠం, ఫోన్ తెరకు సర్దుకుంటుంది, అక్షరం పెద్దది చేసుకోవచ్చు, కావాలంటే ఫోన్ చేతే చదివించుకోవచ్చు. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో పాత స్కాన్లు చాలా ఉన్నాయి కానీ నమ్మి పెట్టేయకండి. మధ్యలో పేజీలు లేనివి, ఒకే పేజీ రెండుసార్లు వచ్చినవి, అంచున అక్షరాలు తెగినవి కనిపిస్తాయి. నెల మొదలయ్యే ముందు ఒకరు కూర్చుని పేజీ సంఖ్యలు మొదటి నుంచి చివరిదాకా చూడాలి. అరగంట పని.

దేవరకొండ అక్క

చర్చ గురించి ఎవరు చెప్పలే, నేను చెప్త.

గూగుల్ మీట్ ఉచిత ఖాతాల ముగ్గురు, అంతకన్న ఎక్కువుంటె 60 నిమిషాలకు కట్ అయితది. జూమ్ ఉచితంది 40కే. అంటె మీకు నికరంగ 55 నిమిషాలు. అవి ఇట్ల పంచుర్రి: మొదటి 5 నిమిషాలు అందరు చేరేదానికి. తర్వాత 12 నిమిషాలు మొదటి చుట్టు. 28 నిమిషాలు మూడు ప్రశ్నలు. ఆఖరి 10 నిమిషాలు, ఇంకా ఎవరన్న చెప్పేది మిగిలితె వాళ్లకు. మళ్ల లింకు పెట్టి ఇంకో గంట నడుపుడు వద్దు. సగం మంది రారు, వచ్చినోళ్లు ముందు చెప్పిందే చెప్తరు.

మొదటి చుట్టుల "పుస్తకం ఎట్లుంది" అని అడగొద్దు. ఆ ప్రశ్న అడిగితె "బాగుంది" గాక ఇంకేం వస్తది? దానికి బదులు, ఒక్కొక్కరు పుస్తకంల తనకు యాదికుండిపోయిన ఒక్క వాక్యమో, ఒక్క దృశ్యమో అధ్యాయం నంబర్‌తోని చెప్పాలె. ఎందుకు అని చెప్పుడు వద్దు ఇప్పుడే. మనిషికి 40 సెకండ్లు. 15 మంది వస్తె 10 నిమిషాలు. ఇండ్ల మ్యూట్‌ల కూసునేటోళ్లు కూడ మాట్లాడుతరు, ఎందుకంటె అభిప్రాయం చెప్పుడు కష్టం గని చదివి చూపెట్టుడు అల్కటి పని. ఒకే దృశ్యం ముగ్గురు చెప్తె అక్కడ్నే చర్చ మొదలుపెట్టుర్రి. ముందు రాసుకున్న ప్రశ్న పక్కకు పెట్టినా ఏం కాదు.

ఇగ ప్రశ్నలు. మంచి ప్రశ్నకు గుర్తు ఏందంటె, జవాబు చెప్పాల్నంటె పుస్తకం మళ్ల తెరవాలె. "దొరలు మంచోళ్లా చెడ్డోళ్లా" అంటె పుస్తకం మూసి కూడ మాట్లాడొచ్చు, అది ప్రశ్న గాదు. ఈ తీరుగ అడుగుర్రి:

ఈ సంగతి మనకు ఎవరి కండ్లతోని కనవడుతుంది? దాశరథి రంగాచార్య నవల 'చిల్లర దేవుళ్లు'ల ఊరికి కొత్తగ వచ్చిన సంగీతం మనిషి సారంగపాణి ఉన్నడు. కథ అంత ఆయన లేకుంట చెప్పితె దొర ఉండే గడీ లోపలి సంగతులల్ల మనకు ఏవి తెలుస్తయి, ఏవి తెల్వవు? ఏ అధ్యాయం నుంచి మీరు ఆ మాట అంటున్నరు?

ఎవరికి మాటలు ఇచ్చిండు, ఎవరికి ఇయ్యలే? ఒక అధ్యాయం తీసుకొని, మాట్లాడినోళ్ల పేర్లు ఒక దిక్కు, ఉండి కూడ మాట్లాడనోళ్ల పేర్లు ఇంకో దిక్కు రాయుర్రి. ఆడోళ్లు, జీతగాండ్లు ఏ దిక్కు పడుతరో చూడుర్రి. అయిదు నిమిషాల పని, గని దీనితోని వచ్చే చర్చ ఇంక దేనితోని రాదు.

యాస కథలకు వేరే పని. నాలుగు వరుసలు తీసుకొని పేపర్ భాషల తిరగరాయమని ఇద్దరికి ముందే చెప్పుర్రి. చర్చల రెండు పక్కపక్కన చదవాలె. ఏం పోయింది? నవ్వు పోయిందా, కోపం పోయిందా, మనిషే పోయిందా? "యాస బాగుంది" అనే మాట తర్వాత ఎవరు అనరు, ఏం బాగుందో చెప్తరు.

గుంపుల ఒక్కరే మాట్లాడుతుంటె ఆపుడు కష్టం, పెద్దోళ్లు ఉంటరు, మర్యాద పోతది. దానికి మనిషిని ఆపొద్దు, వరుస పెట్టుర్రి. చాట్‌ల పేర్ల జాబితా వేసి, అందరి మొదటి మాట అయినంకనే ఎవరిదన్న రెండో మాట. నియమం అన్నప్పుడు ఎవరికి గుచ్చుకోదు. అసలే మాట్లాడనోళ్లను "మీరేమంటరు" అని అప్పటికప్పుడు పిలవొద్దు. రెండు రోజుల ముందు విడిగ ఒక పేరా పంపి "ఇది మీరు చదివి వినిపించాలె" అని చెప్పుర్రి. చదివినంక రెండు మాటలు అదే వస్తయి.

మొత్తం చదవనోళ్లను రావొద్దని అనొద్దు. గని వాళ్ల కోసం కథ దాచుడు ఉండదని ముందే చెప్పుర్రి. నెల నడుమ వాట్సాప్‌ల మాత్రం దాచాలె. మెసేజ్ మొదటి వరుసల అధ్యాయం నంబర్ వెయ్యాలె, కింద పది ఖాళీ వరుసలు, తర్వాత మాట. అట్లయితె కావాల్నన్నోళ్లే కిందికి జరుపుకొని చదువుతరు. టెలిగ్రామ్‌ల అయితె మాటను కప్పిపెట్టే ఏర్పాటే ఉంది. వాయిస్ మెసేజ్ నిమిషంన్నర దాటొద్దు. ఆరు నిమిషాల వాయిస్ ఎవరు వినరు, విన్నమని బొటనవేలు పెడుతరు.

ఇంకొక్కటి, ఇది మన జిల్లాలకే ఉన్న చిక్కు. గడీలు, వెట్టి, రజాకార్లు, సంఘం, ఇవి వచ్చే పుస్తకం చదివితె పది నిమిషాలల్ల "ఈ దొర అంటె మా ఊరి ఫలానా ఆయనే" అనే మాట వస్తది. ఆ ఫలానా ఆయన మనుమడు మీ గ్రూపుల్నే ఉండొచ్చు. పుస్తకం అక్కడ్నే మూసుకపోతది. నాలుగు వేరు చేసి మాట్లాడాలని మొదలే చెప్పుర్రి: పాత్ర అన్న మాట, కథ చెప్పేటాయన అన్న మాట, రచయిత జీవితం, మన ఊరి సంగతి. మొదటి రెండిటికి చర్చల జాగ ఉన్నది. మూడోది అవసరమైతెనే. నాలుగోది పేర్లు లేకుంట.

బిజినపల్లి బాట

ఆరు నెలల పుస్తకాల వరుస గురించి. కాలక్రమంలో పెట్టాలని అనిపిస్తుంది గానీ పెట్టొద్దు. బరువైనవన్నీ ఒకేచోట పడతాయి. పొడుగు, పొట్టి మార్చి మార్చి పెట్టండి.

మొదటి నెల పాకాల యశోదారెడ్డి కథలు. ఆమెది బిజినపల్లి. 'మా ఊరి ముచ్చట్లు' 1973లో వచ్చింది. పాలమూరు ఆడవాళ్లు ఇంట్లో, వాకిట్లో మాట్లాడే మాటను అట్లాగే కథలోకి తెచ్చిన పుస్తకం. ఇది కంటితో చదివితే నల్లగొండవాళ్లకే తట్టుకుంటుంది, చెవితో వింటే అందుతుంది. మీ ఎనిమిది మంది పాలమూరు సభ్యుల్లో నలుగురు తలా ఒక కథ మొదటి రెండు పేజీలు రికార్డు చేసి గ్రూపులో పెట్టాలి. చదివేటప్పుడు వార్తలు చదివినట్టు చదవకూడదు, ఇంట్లో మాట్లాడినట్టు చదవాలి. ఆ రెండు పేజీలు విన్నాక మిగతా కథను పాఠకుడి చెవే చదువుకుంటుంది. పంచుకోవడానికి కాదు, అర్థం కావడానికి కనుక రెండు పేజీలు చాలు.

రెండో నెల 'చిల్లర దేవుళ్లు'. ఇది నచ్చితే తర్వాత 'మోదుగుపూలు', ఆపైన 'జనపదం' ఉన్నాయి. ఆ వరుసలో చదివితే కాలం ముందుకు నడుస్తుంది. మూడూ ఒకే ఆరు నెలల్లో పెట్టకండి.

మూడో నెల 'మనకు తెలియని మన చరిత్ర'. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్ల మాటలు, స్త్రీ శక్తి సంఘటన వాళ్లు సేకరించి 1986లో వేశారు. దీన్ని నవలలాగా మొదటి నుంచి చివరికి చదవాల్సిన పని లేదు. ఇద్దరిద్దరికి ఒక్కో మనిషి కథనం పంచండి. చర్చలో వాళ్లు ఆ మనిషి ఏం చెప్పిందో చెప్పాలి, ఎక్కడ ఆగిపోయిందో కూడా చెప్పాలి. ఈ నెలకు ముందు ఒక్క పేజీ కాలపట్టిక పంపండి: 1930 జోగిపేటలో సురవరం అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ, 1944 భువనగిరి సభ, 1946 జూలై 4 కడవెండిలో దొడ్డి కొమురయ్య మరణం, 1948 సెప్టెంబర్ 17 హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలవడం, 1951 అక్టోబర్‌లో పోరాట విరమణ. అంతకు మించి పెట్టకండి, అది చరిత్ర పరీక్ష అవుతుంది. కడవెండి అప్పుడు నల్లగొండ జిల్లా, ఇప్పుడు జనగామ. ఈ ముక్క రాయకపోతే పటంలో వెతికి తికమక పడతారు.

నాలుగో నెల వేముల ఎల్లయ్య 'కక్క'. 2000లో వచ్చింది, నల్లగొండ మాదిగ జీవితం, నల్లగొండ మాట. మొదటి నెలలో పాలమూరువాళ్లు చదివి వినిపించారు కదా, ఇప్పుడు నల్లగొండవాళ్ల వంతు. మొదటి ముప్ఫై పేజీలకు వారం ఇవ్వండి, తర్వాత వేగం వస్తుంది. అక్కడ వదిలేసేవాళ్లే ఎక్కువ.

అయిదో నెల గోరటి వెంకన్న 'వల్లంకి తాళం', 2021 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన కవిత్వం. పుస్తకం పూర్తి చేయాలనే నియమం ఈ నెలకు ఎత్తేయండి. పన్నెండు కవితలు, వారానికి మూడు. ఆరో నెల ఖాళీగా ఉంచండి. ఎక్కడో ఒకచోట కాపీలు ఆలస్యమవుతాయి, అప్పుడు పనికొస్తుంది.

మాటల సంగతి. నిజాం కాలపు మాటలకు ఒక చిన్న పట్టీ ముందే ఇవ్వండి, ఇరవై మాటలు మించకుండా. అందులో ఇవి తప్పక ఉండాలి. ఫసలీ సంవత్సరం: దానికి 590 కలిపితే మన ఏడాది. ఫసలీ 1356 అంటే 1946 అక్టోబర్‌లో మొదలైనది. హాలీ సిక్కా: నిజాం రూపాయి, ఏడు హాలీ రూపాయలు ఆరు బ్రిటిష్ రూపాయలకు సమానం. నవలలో అప్పు, కౌలు అంకెలు వచ్చినప్పుడు ఇది అక్కరకొస్తుంది. గస్తీ నిశాన్ 53: అనుమతి లేకుండా సభ పెట్టకూడదన్న నిజాం సర్కారు ఉత్తర్వు. పాత్రలు చిన్న మీటింగుకు ఎందుకు అంత భయపడుతున్నాయో ఇది తెలిస్తేనే అర్థమవుతుంది. మాలీ పటేల్, పోలీస్ పటేల్, పట్వారీ: ముగ్గురూ వేరు. మొదటాయన శిస్తు వసూలు, రెండోఆయన శాంతిభద్రతలు, మూడోఆయన భూమి లెక్కలు.

దేవరకొండ అక్క

బిజినపల్లి అన్నా, సర్కారు మాటల పట్టీ సరే. గని యాస మాటలకు పట్టీ ముందే ఇయ్యొద్దని నా మాట. ఇస్తె కథ చదవరు, పట్టీ చూసుకుంట కూసుంటరు. తెల్వని మాట కింద పెన్సిల్ గీత గీసుకొని ముందుకు పోవాలె. అదే మాట మూడోసారి వచ్చేవరకు సగం మాటలు సందర్భంతోనే తెలుస్తయి. మిగిలినవి గురువారం నాడు గ్రూపుల అడగాలె, పాలమూరోళ్లు చెప్పాలె. ఒకే మాటకు నల్లగొండల ఒక అర్థం, పాలమూరుల ఇంకో అర్థం ఉన్నదని అప్పుడే బయట పడుతది. అదే అసలు చర్చ.

బిజినపల్లి బాట

ఒప్పుకున్నాను అక్కా. యాస పట్టీ చర్చ తర్వాత తయారు చేసుకోవడమే మంచిది. అప్పుడది మీ బృందం రాసుకున్న పట్టీ అవుతుంది. ఒక్క మినహాయింపు: దుబాయ్‌లో పెరిగిన పిల్లలకు పది మాటలైనా ముందు చెప్పండి, లేకపోతే రెండో పేజీలోనే ఆగిపోతారు.

మిర్యాలగూడ పాఠకుడు

అందరికి దండాలు. మా గ్రూపుల పెట్టేదానికి ముందు ఒక్కటి అడుగుత. 'కక్క'కు, 'మా ఊరి ముచ్చట్లు'కు కాపీలు ఇప్పుడు ఎన్ని దొరుకుతయో కనుక్కునే పని ఇద్దరం తీసుకున్నం. ఒకవేళ 12 దొరకకపోతె ఏం చెయ్యాలె? ఏడెనిమిది దొరికినయనుకో.

పాలమూరు అల్మారా

ఎనిమిది దొరికితే పుస్తకం మార్చకండి, పద్ధతి మార్చండి. కథల సంపుటి అయితే ముగ్గురికొక కాపీ, ఒక్కొక్కరికి ఎనిమిది రోజులు. చర్చకు అయిదు కథలే ఎంచుకోండి. ఆ అయిదు కథలు అందరూ చదవాలి, మిగతావి వీలున్నవాళ్లు. 'మా ఊరి ముచ్చట్లు'కు ఇది సరిపోతుంది.

నవలకు ఇది నడవదు. 'కక్క'కు ఎనిమిదే దొరికితే దాన్ని మీరు ఖాళీగా ఉంచుకున్న ఆరో నెలకు జరపండి, జిల్లా గ్రంథాలయం నుంచి ఇంకో రెండు మూడు తెచ్చుకోవడానికి ఆ సమయం చాలు. కాపీ ఎవరి దగ్గర ఉంది, ఏ తారీఖున ఎవరికి ఇవ్వాలి అనేది అట్ట లోపలి వైపు పెన్సిల్‌తో రాయండి. గ్రూపులో పెట్టిన జాబితా రెండు రోజుల్లో పైకి కొట్టుకుపోతుంది, అట్ట లోపల రాసింది పుస్తకంతోనే ఉంటుంది. గ్రంథాలయం కాపీ మీద మాత్రం రాయకండి, చీటీ పెట్టండి.